చీనీ పాదులు, చిట్టెలుక మీసాలు

"సార్, కోపం పుట్టించే జీన్ దొరికిందంట కదా, మన సీమ ఫ్యాక్షన్‌కూ అదేనా కారణం?" అని ధర్మవరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు. కాదు నాయనా. కరువునూ, భూమినీ, రాజకీయాన్నీ పక్కనబెట్టి "వాళ్ల రక్తమే అంత" అనేవాడికీ జాతకాలు చెప్పేవాడికీ పెద్ద తేడా లేదు.

జీన్ మాత్రం ఉంది. నరాల మధ్య కబురు మోసే సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలను విరగ్గొట్టే మోనోఅమీన్ ఆక్సిడేజ్-ఏ అనే ఎంజైమ్ జీన్ అది. నెదర్లాండ్స్‌లో ఒక కుటుంబంలోని కొందరు కోపిష్టి మగవాళ్లలో అది చెడిపోయి ఉందని 1993లో తేలింది. ఇదే జీన్ చెడిన 1995 నాటి ఎలుకల కథ మొదలైంది పొరపాటున. ఫ్రాన్సులో వేరే పనికి చిట్టెలుకల్లో ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్ జీన్ చొప్పిస్తే, అది పోయి సరిగ్గా ఈ జీన్ నడుమ పడింది. ఎలుక పిల్లల మెదడులో సెరటోనిన్ తొమ్మిది రెట్లదాకా పెరిగింది. దాన్ని 'సంతోష రసాయనం' అని పాఠం చెప్పేవాళ్లు వినాలి: ఆ పిల్లలు వణికాయి, బెదిరాయి, వెల్లకిలా పడితే తిప్పుకోలేక తన్నుకున్నాయి. పెద్దయ్యాక ఒకే బోనులోని మగవాటి ఒంటినిండా కాట్లు.

నాకు ముచ్చటేసేది మీసాల సంగతి. చిట్టెలుక మెదడు పైభాగమైన కార్టెక్స్ నాలుగో పొరలో ఒక్కో మీసానికి ఒక్కో కణాల గుంపు, చీనీ తోటలో చెట్టుకో పాదు ఉన్నట్టు. నేల పదును మీదున్నప్పుడే గట్టు ఎత్తాలి. కాలువ పారుతుండగా ఎత్తబోతే మట్టి జారి తోటంతా ఒకటే మడుగు. ఈ ఎలుకల్లో జరిగింది అదే. మీసాల కబురును కార్టెక్స్‌కు చేరవేసే మెదడు భాగం, థలామస్, నుంచి వచ్చే నరాల కొసలు గుంపులు కట్టక పరుచుకుపోయాయి, పాదులే లేవు. పుట్టీపుట్టగానే పారా-క్లోరోఫినైల్‌అలనిన్ ఇచ్చి సెరటోనిన్ తయారీని ఆపితే, కాలువ కట్టేసినట్టు, పాదులు లేచాయి. మందివ్వని వాటిలో పెద్దయ్యేసరికి సెరటోనిన్ చాలావరకు దానంతటదే తగ్గింది. కానీ నేల అప్పటికే గట్టిపడింది, పాదులు రాలేదు.

నీళ్లు మట్టిని పట్టేదెక్కడ? ఆ నరాల కొసల మీదుండే సెరటోనిన్-1బి గ్రాహకం దగ్గర. సెరటోనిన్ ఎక్కువైతే ఆ గ్రాహకం కొసల నుంచి వెలువడే గ్లూటమేట్ అనే కబురు రసాయనాన్ని అణిచేస్తుంది. ఎంజైమ్‌తోబాటు గ్రాహకం జీన్‌నూ తీసేస్తే సెరటోనిన్ నిండుగా ఉన్నా పాదులు కుదురుకున్నాయి.

ఇక కోపం. మనం చెప్పుకున్న ఎంజైమ్‌కు జోడీ అయిన మోనోఅమీన్ ఆక్సిడేజ్-బి జీన్ తీసేసిన ఎలుకల్లో ఫినైల్‌ఇథైలమీన్ అనే మరో మెదడు రసాయనం పెరిగింది, కొట్లాటలు మాత్రం పెరగలేదు.