ఎంత దున్నితే అంత గుల్లా? దుక్కిపై అపోహలు – వాస్తవాలు

పొలంలో గుంత తీసి, మట్టి పొరలను కత్తితో గీకి చూడటం నా పని. దుక్కి బాగుందో లేదో పైనుంచి చూస్తే తెలియదు, అరమీటరు తవ్వితే తెలుస్తుంది.

అపోహ: ఎన్ని చాళ్ళు దున్నితే నేల అంత గుల్లబారుతుంది.

వాస్తవం: ఆ గుల్లదనం నాలుగు వానల వరకే. దున్నగానే ఘన సెంటీమీటరుకు 1.1 గ్రాములు తూగిన పొడి మట్టి, తడిసి కుదురుకున్నాక 1.4కు చేరడం మామూలే. ఖాళీలు వదిలేసి మట్టి రేణువులను మాత్రమే తూచితే ఘన సెంటీమీటరుకు సుమారు 2.65 గ్రాములు. ఆ లెక్కన నేలలో ఖాళీ జాగా 58 శాతం నుంచి 47కు పడిపోయింది. పోయినవి ఎక్కువగా పెద్ద రంధ్రాలే. నీరు ఇంకేదీ గాలి ఆడేదీ వాటిలోంచే.

అపోహ: మట్టి పిండిలా ఉంటేనే మొలక బాగా వస్తుంది.

వాస్తవం: విత్తనానికి మట్టి అంటుకుని ఉండాలన్నది నిజమే. అందుకు చాలులో చిన్న చిన్న మట్టి పలుకులుంటే చాలు. రోటవేటర్ (తిరిగే కత్తులతో మట్టిని నలిపే యంత్రం) మళ్ళీ మళ్ళీ తిప్పితే ఆ పలుకులు నలిగి పొడి అవుతాయి. వాన పడగానే పొడి రంధ్రాల్లోకి దూరుతుంది, ఎండ కాయగానే పెంకు కడుతుంది. మొలక ఆ పెంకు కిందే వంకర తిరిగి చచ్చిపోతుంది. మీరే పరీక్షించండి: బాగా ఆరిన మట్టి పలుకులు రెండు తీసుకోండి, ఒకటి చాలులోంచి, ఇంకొకటి అదే పొలం గట్టున గడ్డి వేళ్ళ మధ్య నుంచి. రెండింటినీ గాజు గ్లాసు నీళ్ళలో మెల్లగా వదలండి. గట్టు పలుకు చాలాసేపు చెక్కుచెదరదు. చాలు పలుకు మీ కళ్ళముందే బురదగా జారిపోతే, ఆ నేలలో కట్టు పోయినట్టే.

అపోహ: అడుగున ఉన్న గట్టి పొర నేల స్వభావం.

వాస్తవం: చాలా పొలాల్లో అది మనం చేసిందే. ఏటా ఒకే లోతులో దున్నితే నాగలి అడుగు, రోటవేటర్ కత్తులు, చాలులో నడిచే చక్రం కలిసి అక్కడి మట్టిని అణిచి నున్నగా చేస్తాయి. గుంత గోడలో చూడండి: నిటారుగా దిగిన తల్లివేరు 15 సెంటీమీటర్ల దగ్గర మోచేయిలా వంగి పక్కకు పాకుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు మనసు చివుక్కుమంటుంది. వేరును అడ్డుకునే మట్టి నిరోధం 2 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలత) దాటితే చాలా పంటల వేళ్ళు ముందుకు సాగలేవు. నేల ఆరేకొద్దీ ఆ నిరోధం పెరుగుతుంది. కింద తడి ఉన్నా, బెట్ట రోజుల్లో పైరు దాన్ని అందుకోలేదు.

అపోహ: ఉలి నాగలితో (సన్నని మొనతో నేలను లోతుగా చీల్చేది) ఒకసారి దున్నితే ఆ గట్టి పొర పీడ విరగడవుతుంది.

వాస్తవం: నేల ఆరి ఉంటేనే పొర పగిలి బీటలు వారుతుంది. తడిలో దున్నితే ఉలి గాడి మాత్రమే చేసి పోతుంది. పగిలిన పొర మీద మళ్ళీ బరువైన యంత్రాలు తిరిగితే శ్రమంతా వృథా. చక్రం మొదటిసారి తొక్కినప్పుడే నేల ఎక్కువ అణుగుతుంది కాబట్టి, ప్రతిసారీ ఒకే దారిలో నడపండి.

అపోహ: దున్నడం మానేస్తే చాలు, నేల దానంతటదే బాగవుతుంది.

వాస్తవం: మొదటి కొన్నేళ్ళు పై పొర బిగుసుకుంటుంది. పంట చెత్తను నేల మీదే కప్పి ఉంచితే వానపాములు, కుళ్ళిన వేళ్ళు నిలువు దారులు చేస్తాయి. అప్పుడు సాంద్రత కాస్త ఎక్కువున్నా నీరు చక్కగా దిగుతుంది. చెత్త తగలబెట్టి, దున్నకుండా విత్తితే రెంటికీ చెడ్డట్టే.

ఇక పదును, అంటే దున్నడానికి తగిన తేమ సంగతి. దుక్కి లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి అరచేతుల మధ్య పాముతూ తాడులా చేయండి. సన్నగా సాగితే ట్రాక్టరును గట్టు మీదే ఆపండి. తాడు కట్టకుండా పొడిపొడిగా విరిగిపోతే దింపండి.