పాత కారు ఏసీలో గ్యాస్ ఎందుకు తగ్గుతుంది? వందేళ్ల నేపథ్యం

పాత కారులో చల్లదనం తగ్గగానే ఎవరైనా చెప్పేది ఒకటే: 'గ్యాస్ అయిపోయింది, పట్టిస్తే సరిపోతుంది.' సగం మరమ్మతులు దారి తప్పేది ఇక్కడే. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, అది మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లో ఆ వేడి వదిలి అది ద్రవమవుతుంది. ఒత్తిడి తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటాక కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ క్యాబిన్‌లోని వేడిని లాక్కుని మళ్లీ కంప్రెసర్‌కు చేరుతుంది. ఈ ప్రయాణంలో ఒక్క గ్రాము కూడా తగ్గాల్సిన పనిలేదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. ఆ చోటు వెతక్కుండా నింపి పంపించే అలవాటు ఎలా పాతుకుపోయిందో తెలియాలంటే ఈ గ్యాసు పుట్టుక దగ్గరికి వెళ్లాలి.

1920లలో ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. మూడూ విషవాయువులే. లీకైతే ఇంట్లోవాళ్ల ప్రాణాల మీదికి వచ్చేది. ప్రమాదం లేని గ్యాస్ కోసం జనరల్ మోటార్స్ తరఫున వెతికిన థామస్ మిడ్‌గ్లీ బృందం 1928లో క్లోరిన్, ఫ్లోరిన్, కార్బన్ కలిసిన సమ్మేళనాన్ని తయారుచేసింది. తర్వాతి కాలంలో దానికి ఆర్-12 అని పేరు వచ్చింది. ఫ్రియాన్ అనే వ్యాపారనామం అంతకన్నా ప్రసిద్ధి. 1930లో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో మిడ్‌గ్లీ ఆ గ్యాసును గుండెల నిండా పీల్చి, మెల్లగా వదులుతూ వెలుగుతున్న కొవ్వొత్తిని ఆర్పారు. విషం కాదు, మండదు అని ఒక్క ఊపిరితో నిరూపించారు. ఆ రెండు గుణాలూ నిజమే. మనిషికి తక్షణ హాని లేదని తేలడంతో అది గాలిలో కలిసినా నష్టం లేదన్న నమ్మకం స్థిరపడింది. లీకు వెతకడం కన్నా మళ్లీ నింపడమే తేలికని మరమ్మతు లోకం అలవాటుపడింది.

కార్లలోకి ఏసీ వచ్చింది 1939లో. ప్యాకార్డ్ సంస్థ తన 1940 మోడల్ కోసం ప్రదర్శించిన ఆ యంత్రంలో కూలింగ్ కాయిల్ వెనక డిక్కీ వైపు ఉండేది. కంప్రెసర్‌కు క్లచ్ లేదు. చల్లదనం వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సిందే. ఆ ప్రయత్నం కొద్దికాలంలోనే ఆగిపోయింది. 1954లో నాష్ సంస్థ పరికరాలన్నింటినీ కారు ముందు భాగంలోనే ఇమిడ్చింది. ఇప్పటి కార్లలో కనిపించే అమరికకు అదే నాంది.

లీకు విషయంలో కారు ఏసీకి పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. ఇంట్లోని ఫ్రిజ్‌లో మోటారు, కంప్రెసర్ రెండూ ఒకే ఉక్కు డబ్బాలో సీలై ఉంటాయి. బయటికి వచ్చేవి అతికించిన రాగి గొట్టాలు, కరెంటు తీగలు మాత్రమే. అందుకే చాలా ఫ్రిజ్‌లు ఏళ్ల తరబడి గ్యాస్ అడగవు. కారులో కంప్రెసర్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టు. కాబట్టి దాని ఇరుసు డబ్బాను చీల్చుకుని బయటికి రాక తప్పదు. తిరిగే ఇరుసు చుట్టూ గ్యాసును ఆపేది ఒక సన్నని సీలు. పైగా ఇంజిన్ ఊగుతుంటుంది కాబట్టి గొట్టాలన్నీ లోహంతో చేస్తే పగుళ్లు వస్తాయి, మధ్యలో రబ్బరు హోసులు పెట్టాలి. ప్రతి అతుకు దగ్గరా ఓ-రింగులనే గుండ్రని రబ్బరు సీళ్లు. ఇవన్నీ ఇంజిన్ వేడిలో గట్టిపడుతూ పోతాయి. గ్యాసుతో పాటు తిరిగే నూనే ఇరుసు సీలును తడిగా ఉంచుతుంది. నెలల తరబడి ఏసీ వేయకపోతే సీలు ఎండి, మళ్లీ వేసిన రోజున కారడం మొదలవుతుంది. చలికాలంలోనూ అప్పుడప్పుడు కొన్ని నిమిషాలు ఏసీ వేయమని మెకానిక్‌లు చెప్పేది ఇందుకే, వారి మాట వినాలి.

ఇలా కారిన గ్యాస్ ఎక్కడికి చేరుతోందో 1974లో తెలిసింది. రసాయన శాస్త్రవేత్తలు మారియో మొలీనా, షేర్‌వుడ్ రోలాండ్ ఆ ఏడాది ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ గ్యాసులు కింద దేనితోనూ కలవవు, చెడవు. అలాగే వాతావరణపు పై పొర స్ట్రాటోస్ఫియర్ దాకా ఎగబాకి, అక్కడి అతినీలలోహిత కిరణాలకు విడిపోయి క్లోరిన్‌ను వదులుతాయి. ఆ క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుంది. మిడ్‌గ్లీ గొప్పగా చూపించిన స్థిరత్వమే ముప్పుగా మారింది. ఆర్-12 గాలిలో దాదాపు వందేళ్లు నిలుస్తుంది. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు జో ఫార్మన్, బ్రయాన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అంటార్కిటికా మీద ఓజోన్ పొర ఎంతగా పలచబడిందో బయటపెట్టారు. రెండేళ్లకే, 1987 సెప్టెంబరు 16న, మాంట్రియల్ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. సంపన్న దేశాలు ఈ గ్యాసుల ఉత్పత్తిని 1996 నాటికి, వర్ధమాన దేశాలు 2010 నాటికి ఆపాలని తర్వాతి సవరణలు గడువు పెట్టాయి. మొలీనా, రోలాండ్‌లకు పాల్ క్రుట్జెన్‌తో కలిపి 1995లో రసాయన శాస్త్రంలో నోబెల్ దక్కింది. శాస్త్రం చెప్పిన హెచ్చరికను ప్రభుత్వాలు ఇంత త్వరగా పట్టించుకున్న సందర్భాలు అరుదు. ఆ గౌరవం ఆ ముగ్గురిది మాత్రమే కాదు, సంతకాలు చేసిన దేశాలది కూడా.

కార్ల తయారీదారులు 1990ల తొలి సగంలో ఆర్-134ఎ అనే కొత్త గ్యాసుకు మారారు. ఇందులో క్లోరిన్ లేదు, ఓజోన్‌కు హాని లేదు. అప్పటికే రోడ్ల మీదున్న కార్లకు మాత్రం చిక్కు వచ్చిపడింది. పాత గ్యాస్ తీసి కొత్తది నింపితే సరిపోయేది కాదు. ఆర్-12తో తిరిగే ఖనిజ నూనె ఆర్-134ఎలో కరగదు. ఎక్కడో ఒక మూల పేరుకుపోతుంది, కంప్రెసర్ నూనె లేక అరిగిపోతుంది. కొత్త గ్యాసుకు పీఏజీ లేదా ఎస్టర్ అనే కృత్రిమ నూనె కావాలి. మార్చిన కార్లలో ఎస్టరే ఎక్కువగా వాడారు, ఎందుకంటే అది పాత నూనె మిగుళ్లతో సర్దుకుంటుంది. తేమ పీల్చే డ్రయర్‌ను కూడా మార్చాలి. నింపే పరిమాణం మునుపటిలో 80 నుంచి 90 శాతం మించకూడదు. వేడి ఎక్కువైనప్పుడు కొత్త గ్యాస్ ఒత్తిడి పాతదానికన్నా పెరుగుతుంది కాబట్టి పాత తరహా కండెన్సర్ ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆ భారం మోయలేకపోయేది. మార్చాక ఏసీ మునుపటిలా చల్లగా లేదన్న యజమానుల ఫిర్యాదుకు అసలు కారణం చాలావరకు ఇదే. రెండు గ్యాసులూ కలిసిపోకుండా సర్వీస్ వాల్వుల ఆకారం కూడా మార్చారు: పాతవాటికి మరలు, కొత్తవాటికి నొక్కితే బిగిసే కప్లర్లు.

ఈ మార్పిడి ఖర్చు తప్పించుకోవడానికి ప్రొపేన్, ఐసోబ్యూటేన్ మిశ్రమాలు నింపడం కొన్నిచోట్ల మొదలైంది. చల్లదనం బాగానే ఇస్తాయి. కానీ అవి వంటగ్యాసు లాంటివే, కూలింగ్ కాయిల్ ఉండేది మనుషులు కూర్చునే క్యాబిన్ పక్కనే. మండే గ్యాసు కోసం తయారు కాని కారులో వాటిని నింపడాన్ని ఏ విధంగానూ సమర్థించలేం.

నింపే పద్ధతిలోనూ పాత అలవాట్లు పోలేదు. ఇంజిన్ ఆపి ఒత్తిడి కొలిచే గేజీలు తగిలిస్తే కాసేపటికి రెండు ముళ్లూ ఒకేచోట నిలుస్తాయి. ఆర్-134ఎ ఉన్న కారులో 30 డిగ్రీల దగ్గర ఆ అంకె సుమారు 100 పీఎస్ఐ (ఒత్తిడి కొలమానం). లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా అదే చూపిస్తుంది, నిండుగా ఉన్నా అదే చూపిస్తుంది. అంటే గ్యాస్ ఎంతుందో ఆ ముల్లు చెప్పదు. ఆర్-12 కాలంలో డ్రయర్ మీది అద్దపు కిటికీలో బుడగలు చూసి అంచనా వేసేవారు. కొత్త గ్యాసులో ఆ గుర్తు నమ్మదగింది కాదు. బానెట్ కింది చీటీ మీద గ్రాముల్లో రాసి ఉన్న బరువును తూచి నింపడమే సరైన పద్ధతి. దానికి ముందు వ్యాక్యూమ్ పంపుతో కనీసం అరగంట లోపలి గాలి, తేమ లాగేయాలి. తక్కువ ఒత్తిడిలో నీరు గది వేడికే మరిగి ఆవిరవుతుంది. ఆ తేమ మిగిలితే వాల్వు దగ్గర గడ్డకడుతుంది, నూనెతో కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలిస్తే పెద్ద లీకు లేనట్టే. లీకు చోటును పట్టించేది చాలాసార్లు కంటికి కనిపించే గుర్తే: అతుకు చుట్టూ దుమ్ము పట్టిన నూనె మరక. గ్యాస్ పోయిన దారిలోనే నూనె కూడా పోతుంది. మరక దొరక్కపోతే అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగు కలిపి వెతకాలి.

ఇప్పుడు ఆర్-134ఎ వంతు వచ్చింది. ఓజోన్‌ను కాపాడినా, వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 1,430 రెట్లు వేడెక్కిస్తుంది. యూరప్ 2017 నుంచి కొత్త కార్లన్నింటిలో దాన్ని ఆపేసింది. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో రువాండా రాజధాని కిగాలీలో కుదిరిన సవరణ దాని కుటుంబానికి చెందిన గ్యాసుల వాడకాన్ని దశలవారీగా తగ్గిస్తోంది. కొత్త కార్లలో ఉన్న ఆర్-1234వైఎఫ్ కొద్దిగా మండే గుణం కలది. దాన్ని ఆర్-134ఎ కోసం చేసిన పాత కారులోకి ఇష్టం వచ్చినట్టు ఎక్కించకూడదు. అందువల్ల 1990ల తర్వాతి కార్ల యజమానులు తమ గ్యాసును కాపాడుకోవాల్సిందే. సర్వీసుకు ఇచ్చినప్పుడు లోపలున్నదాన్ని రికవరీ యంత్రంతో తీసి తూచమని అడగండి. చీటీ మీద 550 గ్రాములని ఉండి యంత్రంలోకి 300 వస్తే, మిగతా 250 పోయిన చోటు దొరికేదాకా నింపవద్దని చెప్పండి.