ఫోన్ నుంచి ఫోన్‌కి ఫైళ్లు: వెతికేది బ్లూటూత్, మోసేది వైఫై (అపోహలు - వాస్తవాలు)

రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని కాసేపు కుస్తీ పట్టి, చివరికి ‘పోనీ వాట్సాప్‌లో పెట్టెయ్’ అనేయడం చాలామందికి అలవాటే. పైకి ఒకే బటన్‌లా కనిపించినా ఇందులో రెండు పనులున్నాయి. పక్కనున్న ఫోన్‌ని కనిపెట్టడం ఒకటి, ఫైలుని మోయడం రెండోది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే క్విక్ షేర్‌లోనైనా, ఐఫోన్లలో ఉండే ఎయిర్‌డ్రాప్‌లోనైనా మొదటి పని బ్లూటూత్‌ది, రెండోది వైఫైది. అవతలి ఫోన్ పేరే రాకపోతే లోపం మొదటిదాంట్లో ఉన్నట్టు. పేరు వచ్చాక నత్తనడక నడిచినా, మధ్యలో తెగినా రెండోదాంట్లో. ఈ తేడా తెలిస్తే కింద చెప్పేవాటిలో సగం మీకే తట్టేస్తాయి.

అపోహ: నెట్ లేకపోతే ఫైలు వెళ్లదు, పెద్ద ఫైలు పంపితే డేటా ఖాళీ అవుతుంది

వాస్తవం: వైఫై ఆన్‌లో ఉండటం వేరు, వైఫైతో ఇంటర్నెట్‌కి కలిసి ఉండటం వేరు. ఇక్కడ కావలసింది మొదటిదే. రెండు ఫోన్లూ రౌటర్ లేకుండా నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. సిగ్నల్ అందని ఏజెన్సీ ఊళ్లోనైనా 10 జీబీ వీడియో పంపుకోవచ్చు, డేటా ఖర్చు ఉండదు.

మినహాయింపులు లేకపోలేదు. శాంసంగ్ ఫోన్లలో ఫైలుని లింకుగా పంపే పద్ధతి ఒకటుంది. అది ముందు సర్వర్‌కి ఎక్కించి, అవతలివాళ్లు దింపుకునే వ్యవహారం కాబట్టి ఇద్దరి డేటా ఖర్చవుతుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 17.1 నుంచి, ఎయిర్‌డ్రాప్ జరుగుతుండగా ఫోన్లు దూరమైతే మిగతాది ఇంటర్నెట్ మీద కొనసాగే వీలొచ్చింది. అది వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో జనరల్, ఎయిర్‌డ్రాప్‌కి వెళ్లి మొబైల్ డేటా వాడుకునే స్విచ్ ఆపేయండి.

అపోహ: బ్లూటూత్ 5 ఉన్న ఫోన్లలో బ్లూటూత్ మీదే సినిమా పంపేయొచ్చు

వాస్తవం: డబ్బా మీద 5.0, 5.3 అని చూసి పడే భ్రమ ఇది. 2016లో వచ్చిన బ్లూటూత్ 5 వేగం పెంచింది తక్కువ కరెంటుతో నడిచే భాగానికి, అంటే వాచీలు, బ్యాండ్ల లాంటివి వాడేదానికి. మనం ‘షేర్ నొక్కి బ్లూటూత్’ అని పంపే ఫైలు ఇప్పటికీ పాత క్లాసిక్ బ్లూటూత్ మీదే వెళ్తుంది. దాని గరిష్ఠ వేగం 2004 నాటి 2.0 వెర్షన్‌లో ఎంతో ఇప్పుడూ అంతే: కాగితం మీద 3 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు), చేతికొచ్చేది సుమారు 2.

లెక్క వేసి చూడండి. 5 ఎంబీ ఫొటోకి 20 సెకన్లు, ఫరవాలేదు. 1 జీబీ వీడియోకి గంట దాటుతుంది. ఒక కాంటాక్టో చిన్న పీడీఎఫ్‌ఫో అయితే బ్లూటూత్, అంతకు మించితే వైఫై.

ఇంకోమాట. ఆండ్రాయిడ్‌నీ ఐఫోన్‌నీ బ్లూటూత్‌లో జత కలిపి ఫైలు పంపాలని చూడకండి. బ్లూటూత్ ఫైల్ పద్ధతిని ఐఫోన్ అసలు అంగీకరించదు.

అపోహ: పక్క ఫోన్ పేరు రావడం లేదంటే కంపెనీలు వేరు కాబట్టే

వాస్తవం: ఒకప్పుడు అందులో కొంత నిజం ఉండేది. గూగుల్ 2020 ఆగస్టులో నియర్‌బై షేర్ తెచ్చింది. శాంసంగ్‌కి విడిగా క్విక్ షేర్ ఉండేది. 2024 జనవరిలో రెండూ క్విక్ షేర్ పేరుతో ఒక్కటయ్యాయి. గూగుల్ ప్లే సర్వీసెస్ అప్‌డేట్ అయి ఉంటే రెడ్‌మీ, వివో, శాంసంగ్, మోటో ఏదైనా ఒకదానికొకటి కనిపించాలి. కనిపించలేదంటే కారణం దాదాపు ఎప్పుడూ సెట్టింగే. ఈ వరసలో చూడండి:

1. తీసుకునే ఫోన్‌లో క్విక్ షేర్ తెరిచి, ఎవరికి కనిపించాలో చూడండి. ‘యువర్ డివైసెస్’ అని ఉంటే మీ అకౌంట్ ఉన్న ఫోన్లకే కనిపిస్తుంది. ‘కాంటాక్ట్స్’ అంటే నంబరు సేవ్ అయి ఉంటే సరిపోదు, గూగుల్ అకౌంట్లు కూడా కుదరాలి. కొత్తవాళ్లతో పంచుకునేటప్పుడు 10 నిమిషాలకు ‘ఎవ్రీవన్’ పెట్టడమే తేలిక.
2. రెండు ఫోన్లలోనూ బ్లూటూత్, వైఫై ఆన్. హాట్‌స్పాట్ ఆఫ్. దీన్ని చాలామంది మర్చిపోతారు: హాట్‌స్పాట్ నడుస్తుంటే వైఫై రేడియో ఆ పనిలో ఉంటుంది.
3. లొకేషన్ ఆన్. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్‌తో వెతకడానికి, 12 వరకు వైఫైతో వెతకడానికి యాప్‌లకు లొకేషన్ అనుమతి కావాలి. ఆ తర్వాతి వెర్షన్లలో ‘నియర్‌బై డివైసెస్’ అనే అనుమతి విడిగా అడుగుతుంది. అక్కడ ‘డోంట్ అలౌ’ నొక్కేసినవాళ్లే తర్వాత యాప్‌ని తిట్టుకుంటారు.
4. బ్యాటరీ సేవర్ ఆఫ్, వీపీఎన్ ఆఫ్. రెండు స్క్రీన్లూ వెలుగుతూ, లాక్ తీసి ఉండాలి.

ఐఫోన్లలోనూ కథ ఇదే. ‘కాంటాక్ట్స్ ఓన్లీ’ పెడితే ఇద్దరూ ఐక్లౌడ్‌లో లాగిన్ అయి, ఒకరి ఆపిల్ అకౌంట్ మెయిలో నంబరో ఇంకొకరి కాంటాక్ట్స్‌లో ఉండాలి. ‘ఎవ్రీవన్’ పెట్టినా 10 నిమిషాలకు దానంతట అదే ఆగిపోతుంది. నిన్న పనిచేసింది ఇవాళ చేయడం లేదంటే కారణం తరచూ ఇదే.

అపోహ: ఖరీదైన ఫోన్ అయితే వేగంగా పంపుతుంది

వాస్తవం: వేగం తేల్చేది రెంటిలో నెమ్మదైన ఫోన్, అవి కలిసిన బ్యాండ్. వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు ప్రధాన బ్యాండ్లు. 5 మీద కలిస్తే సెకనుకి 25 ఎంబీ దాకా ఆశించవచ్చు. 2.4 మీద కలిస్తే 4, 5 ఎంబీ వస్తే గొప్ప, ఎందుకంటే చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లు, బ్లూటూత్ ఇయర్‌బడ్స్, చివరికి మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే అరుస్తుంటాయి. 20 జీబీ పెళ్లి వీడియోలు మొదటి లెక్కన పావుగంటలోపే వెళ్తాయి, రెండో లెక్కన గంట పైనే.

లక్ష రూపాయల ఫోన్ కూడా నత్తలా పాకే సందర్భం ఒకటుంది. మీ ఫోన్ అప్పటికే ఇంటి రౌటర్ 2.4 బ్యాండ్‌కి కలిసి ఉందనుకోండి. చాలా ఫోన్లలో వైఫై రేడియో ఒకేసారి రెండు చానళ్ల మీద హాయిగా పనిచేయలేదు కాబట్టి, పక్క ఫోన్‌తో కనెక్షన్‌నీ అదే చానల్‌కి ఈడ్చుకొస్తుంది. మందు తేలిక: వైఫై స్విచ్ ఆన్‌లోనే ఉంచి, రౌటర్ పేరు మీద నొక్కి ‘డిస్‌కనెక్ట్’ కొట్టండి, తర్వాత పంపండి. ఇయర్‌బడ్స్ కూడా ఆ కాసేపు కేసులో పెట్టేయండి.

వచ్చే ఫైళ్లు మెమరీ కార్డులో సేవ్ అయ్యేలా పెట్టుకున్నా నెమ్మదిస్తుంది. పాత, చవక కార్డు రాసే వేగం వైఫై వేగం కంటే తక్కువ. ముందు ఇంటర్నల్ స్టోరేజ్‌లోకి తీసుకుని, తీరిగ్గా కార్డుకి మార్చుకోవడం మేలు.

అపోహ: ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ మధ్య దారే లేదు

వాస్తవం: 2025 నవంబరులో గూగుల్ క్విక్ షేర్‌కీ ఎయిర్‌డ్రాప్‌కీ లంకె వేసింది. మొదట గూగుల్ సొంత ఫోన్లయిన పిక్సెల్ 10 సిరీస్‌లో వచ్చింది. ఐఫోన్‌లో ‘ఎవ్రీవన్ ఫర్ 10 మినిట్స్’ పెడితేనే పనిచేస్తుంది. మీ ఫోన్‌లో ఆ సదుపాయం లేకపోతే లోకల్‌సెండ్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ యాప్ రెండింటిలోనూ వేసుకోండి. ప్రకటనలుండవు, అకౌంట్ అడగదు. షరతు ఒక్కటే, రెండు ఫోన్లూ ఒకే వైఫై నెట్‌వర్క్ మీద ఉండాలి.

హాస్టల్, హోటల్, ఆఫీసు వైఫైల మీద అది తరచూ పనిచేయదు. భద్రత కోసం అక్కడ ఒక ఫోన్ ఇంకో ఫోన్‌ని చూడకుండా రౌటర్‌లోనే అడ్డుకట్ట వేస్తారు. అప్పుడు ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి రెండోదాన్ని దానికి కలపండి. (క్విక్ షేర్‌కి హాట్‌స్పాట్ అడ్డు, దీనికి అదే దారి. కలగలుపుకోవద్దు.) హాట్‌స్పాట్ పెట్టిన ఫోన్‌లో ముందు మొబైల్ డేటా ఆపండి. లేకపోతే కలిసిన ఫోన్ ‘ఆహా, వైఫై దొరికింది’ అనుకుని ఫొటోల బ్యాకప్పులు, యాప్ అప్‌డేట్లు మొదలుపెట్టి మీ రోజువారీ డేటా మింగేస్తుంది. డేటా ఆపాక రెండో ఫోన్ ‘ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, ఉండమంటారా’ అని అడుగుతుంది. ఉండమనే చెప్పండి. హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకోండి. ఐఫోన్‌లో అయితే ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ ఆఫ్‌లో ఉండాలి. ఐఫోన్‌లో లోకల్‌సెండ్ మొదటిసారి తెరిచినప్పుడు ‘లోకల్ నెట్‌వర్క్’ అనుమతి అడుగుతుంది, కాదంటే ఎవరూ కనిపించరు. అయినా పేరు రాకపోతే అవతలి ఫోన్ ఐపీ అడ్రస్ (ఆ నెట్‌వర్క్‌లో దాని నంబరు) టైప్ చేసి పంపవచ్చు.

చేరిన ఫొటో పాత ఆండ్రాయిడ్‌లో తెరుచుకోకపోతే అది బహుశా ఐఫోన్ మామూలుగా ఫొటోలు సేవ్ చేసే హెచ్ఈఐసీ పద్ధతి ఫైలు. ఆండ్రాయిడ్ 9 నుంచి దానికి మద్దతు ఉంది. ఇకపై తీసే ఫొటోలు జేపెగ్‌లో కావాలంటే ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, ‘మోస్ట్ కంపాటిబుల్’. అయితే వీడియో బరువెక్కుతుంది: నిమిషం 4కే వీడియో, సెకనుకి 30 ఫ్రేములతో, మామూలుగా 170 ఎంబీ ఉండేది 350 ఎంబీ అవుతుంది.

అపోహ: వాట్సాప్‌లో పంపినా అదే ఫొటో కదా

వాస్తవం: కాదు. మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, హెచ్‌డీ ఎంచుకున్నా ఎంతో కొంత కుదింపు ఉంటుంది. అంతకంటే పెద్ద నష్టం, ఎప్పుడు ఎక్కడ తీశారన్న సమాచారం ఫైలులోంచి తుడిచిపెట్టుకుపోవడం. కొత్త ఫోన్ గ్యాలరీలో అయిదేళ్ల ఫొటోలన్నీ ఇవాళ్టి తేదీ కింద కుప్పగా పడటానికి ముఖ్య కారణం ఇదే. వాట్సాప్ తప్ప వేరే దారి లేకపోతే ‘డాక్యుమెంట్’గా పంపండి. 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది.

ఇది తిరగేసి కూడా ఆలోచించాలి. క్విక్ షేర్‌లో, ఎయిర్‌డ్రాప్‌లో అసలు ఫైలే వెళ్తుంది కాబట్టి, మీ ఇంటి లొకేషన్ కూడా ఫొటోతోపాటు వెళ్తుంది. అపరిచితులకు పంపేముందు ఐఫోన్ షేర్ తెరపై ‘ఆప్షన్స్’ నొక్కి లొకేషన్ తీసేయవచ్చు.

అపోహ: షేరిట్, జెండర్ ఉంటే చాలు, నెట్‌లో ఏపీకే దొరుకుతుంది

వాస్తవం: ఆ రెండు ఫైల్ షేరింగ్ యాప్‌లూ 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో ఉన్నాయి. నిషేధం తర్వాత ఎక్కడెక్కడో దొరికే ఏపీకేల్లో (ఆండ్రాయిడ్ యాప్‌ని నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లలో) ఎవరు ఏం కలిపారో చెప్పలేం. షేరిట్ ఆండ్రాయిడ్ యాప్‌లో తీవ్రమైన భద్రతా లోపాలున్నాయని 2021 ఫిబ్రవరిలో సైబర్ భద్రతా సంస్థ ట్రెండ్ మైక్రో బయటపెట్టింది కూడా. ఫోన్‌లోనే క్విక్ షేర్ ఉండగా వీటి అవసరం ఏముంది?

పనిలో పనిగా: ఎవరైనా సరే, పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో పంపిన ఫైలు చివర ‘.ఏపీకే’ అని ఉంటే తెరవకండి. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు.

అపోహ: యాప్ పంపితే లోపలున్నదంతా వచ్చేస్తుంది

వాస్తవం: వచ్చేది ఖాళీ యాప్. గేమ్ లెవెళ్లు, చాటింగులు రావు. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి యూపీఐ యాప్‌లకు కొత్త ఫోన్‌లో సిమ్ వేసి మళ్లీ రిజిస్టర్ కావలసిందే. వాట్సాప్ చాట్లకు విడిగా దారుంది: పాత ఫోన్‌లో సెట్టింగ్స్, చాట్స్, ‘ట్రాన్స్‌ఫర్ చాట్స్’ తెరిచి, కొత్త ఫోన్ చూపించే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం. 2023లో వచ్చిన ఈ పద్ధతి ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి, లేదా ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి.

అపోహ: ఒక్క ఫైలే పదేపదే ఫెయిల్ అవుతోందంటే ఫైలు పాడైనట్టే

వాస్తవం: ముందు దాని సైజు చూడండి. 4 జీబీ దాటి, చేరాల్సిన చోటు 32 జీబీ లేదా అంతకంటే చిన్న మెమరీ కార్డయితే, ఆ కార్డు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో ఉంటుంది. ఒక్కో ఫైలుకి 4 జీబీ మించి అది పట్టదు, కార్డంతా ఖాళీగా ఉన్నా సరే.

తర్వాత పేరు చూడండి. మనవాళ్లకే తగిలే చిక్కిది. ఆండ్రాయిడ్ ఇంటర్నల్ స్టోరేజ్‌లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలోనే ఆరు గుర్తులు, 18 బైట్లు. పాట పేరు, పాడినవాళ్లు, సినిమా అన్నీ తెలుగులో పెట్టిన ఎంపీ3 పేరు 85 గుర్తులు దాటగానే హద్దు మీరుతుంది. కొన్ని యాప్‌లు తోక కోసేసి సేవ్ చేస్తాయి, కొన్ని కారణం చెప్పకుండా ఆపేస్తాయి. పేరు చిన్నది చేసి మళ్లీ పంపండి.

అపోహ: ‘సెంట్’ అని వచ్చింది కాబట్టి పాత ఫోన్ రీసెట్ చేసేయొచ్చు

వాస్తవం: ఆగండి. రెండు ఫోన్లలోనూ ఫైల్స్ యాప్ తెరిచి ఫోల్డర్‌లో ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు పోల్చండి. క్విక్ షేర్‌లో వచ్చినవి డౌన్‌లోడ్స్‌లో చేరతాయి, డీసీఐఎంలో (కెమెరా ఫొటోల ఫోల్డర్‌లో) వెతికి రాలేదనుకోకండి. అన్నిటికంటే పెద్ద వీడియో తెరిచి చివరి నిమిషానికి జరిపి ఆడించి చూడండి. వేల ఫొటోలుంటే ఒకేసారి ఎంచుకోకుండా నాలుగైదు వందల చొప్పున పంపితే, తెగినా ఎక్కడ తెగిందో తెలుస్తుంది. కొత్త ఫోన్‌ని ఒక వారం వాడి, బ్యాంకు, డిజీలాకర్, ఓటీపీ యాప్‌లన్నీ అందులో తెరుచుకున్నాకే పాతదాన్ని రీసెట్ చేయండి.