నాడీకణాలూ వృద్ధి కారకాలూ: అపోహలు - వాస్తవాలు

అపోహ: వృద్ధి కారకాలు నాడీకణాలకు ఆహారం వంటివి.

వాస్తవం: వృద్ధి కారకాలంటే కణాలకు సందేశాలు అందించే ప్రోటీన్లు. నాడీకణాలపై పనిచేసేవాటికి ఉన్న మరో పేరే ఈ అపోహకు సగం కారణం. ‘న్యూరోట్రోఫిక్’ అన్న మాటను తెలుగులో ‘నాడీ పోషక’ అని రాస్తూ వచ్చాం. పోషణ అనగానే ఎవరికైనా తిండే గుర్తుకు వస్తుంది. నాడీకణాలను ప్రయోగశాలలో పెంచి పరిశీలించడమే వృత్తిగా ఉన్న నాకు, ఇవి ఆహారం కావని చూపడానికి కణాలను పెంచే ఒక్క డిష్ చాలు. అప్పుడే పుట్టిన ఎలుక పిల్ల మెడలోని సహానుభూత నాడీసంధి (గుండె, చెమట గ్రంథుల వంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే నాడీకణాల గుంపు) నుంచి తీసిన కణాలను గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, విటమిన్లు అన్నీ ఉన్న ద్రవంలో ఉంచి, దానికి నాడీ వృద్ధి కారకాన్ని, అంటే ఎన్‌జీఎఫ్‌ను కలిపితే, మరునాటికల్లా సన్నని తంతువులు అన్ని వైపులకూ సాగుతాయి. కొన్నాళ్ల తరువాత ఆ ఒక్క ప్రోటీన్‌ను కడిగేసి, మిగిలిన కాస్తనూ యాంటీబాడీతో పనిచేయకుండా చేస్తే, తంతువులు పూసలు గుచ్చిన దారంలా మారి తెగిపోతాయి, కణదేహాలు ముడుచుకుపోతాయి, 48 గంటలు గడిచేసరికి చాలా భాగం చనిపోతాయి. చుట్టూ తిండి మాత్రం నిండుగానే ఉంటుంది.

ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం 1988లో వచ్చింది. ఎన్‌జీఎఫ్‌ను తీసేసిన వెంటనే కణంలో కొత్త ప్రోటీన్ల తయారీని కూడా మందుతో ఆపితే, ఆ కణాలు చనిపోకుండా నిలిచాయి. ఆకలితో పోయేవే అయితే ఇంకా ముందే పోవాలి కదా. అంటే మరణానికి కావలసిన సరంజామాను కణం తానే సిద్ధం చేసుకుంటుంది. దాన్ని అణచి ఉంచడమే వృద్ధి కారకం చేసే పని. తంతువు కొనలో ఉండే ట్రాక్-ఏ అనే గ్రాహకానికి ఎన్‌జీఎఫ్ అతుక్కోగానే, రెండూ ఒక చిన్న సంచిలో చేరి తంతువు వెంబడి కణదేహం వైపు ప్రయాణిస్తాయి. పాదం చర్మం నుంచి నడుము వద్ద వెన్ను పక్కనున్న నాడీసంధి వరకు మనిషిలో ఇది దాదాపు మీటరు దూరం. ఆ సందేశం అందుతున్నంతకాలం బ్యాక్స్ వంటి మరణకారక ప్రోటీన్లు అదుపులో ఉంటాయి. ట్రాక్-ఏ జన్యువులో తీవ్రమైన లోపంతో పుట్టిన పిల్లలకు నొప్పి తెలియదు, చెమట పట్టదు. ఆ పనులు చేయవలసిన నాడీకణాలు వారిలో నిలవకపోవడమే కారణం.

అపోహ: ఆరోగ్యంగా ఉన్న శరీరంలో నాడీకణాలు చనిపోవు.

వాస్తవం: పిండం ఎదిగే దశలో చాలా రకాల నాడీకణాల్లో దాదాపు సగం చనిపోతాయి, అది రోగం కాదు. చర్మం, కండరం వంటి, తంతువులు చేరవలసిన గమ్యస్థానాలు ఈ కారకాలను కొద్దికొద్దిగానే తయారు చేస్తాయి కనుక, అక్కడికి చేరి వాటిని అందుకోగలిగిన కణాలే నిలుస్తాయి.

ఈ సంగతి బయటపడిన తీరును తలచుకున్నప్పుడల్లా నా మనసు గౌరవంతో నిండిపోతుంది. 1938లో ఇటలీ జాతి చట్టాలు యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లగొట్టిన తరువాత, రీటా లెవి-మోంటాల్చీని అనే శాస్త్రవేత్త ట్యూరిన్‌లోని తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకొని, కుట్టుసూదులను సానపట్టి పరికరాలుగా వాడుతూ, కోడి పిండాల్లో కాలుగా ఎదగబోయే మొగ్గ వంటి భాగాలను తొలగించి పరిశీలించారు. గమ్యం లేకపోతే నాడీకణాలు తయారు కావని కాదు, తయారై ఆ తరువాత చనిపోతాయని ఆమె గ్రహించారు. 1947లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లోని పిండశాస్త్రవేత్త విక్టర్ హాంబర్గర్ వద్దకు వెళ్లిన ఆమె, 1952లో రియో డి జనీరోలో, చిట్టెలుక కణితి ముక్క పక్కన ఉంచిన కోడిపిండ నాడీసంధి నుంచి తంతువులు కిరణాల్లా విచ్చుకోవడం చూశారు. ఆ కారకం ప్రోటీనేనని తేల్చి, పాము విషం నుంచీ చిట్టెలుక లాలాజల గ్రంథుల నుంచీ వేరుచేసినవారు జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్. దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారైన, రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవమైన సీరమ్‌ను చిట్టెలుక పిల్లలకు ఎక్కించినప్పుడు వాటి సహానుభూత నాడీసంధులు దాదాపు మాయమయ్యాయి. 1986లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

అపోహ: వృద్ధి కారకమంటే కణాలను విభజింపజేసేదే.

వాస్తవం: ఎలుక అడ్రినల్ గ్రంథి కణితి నుంచి వచ్చిన పీసీ12 కణాలకు మరో వృద్ధి కారకమైన ఈజీఎఫ్‌ను ఇస్తే అవి విభజన చెందుతాయి, ఎన్‌జీఎఫ్‌ను ఇస్తే విభజన మానుకొని, తంతువులు చాచి, నాడీకణాల రూపు దాలుస్తాయి.

అపోహ: ఈ ప్రోటీన్లను ఇంజెక్షన్‌గా ఎక్కిస్తే నరాల జబ్బులు నయమవుతాయి.

వాస్తవం: మేమూ అలాగే ఆశపడ్డాం. మెదడులోని ప్రధాన వృద్ధి కారకమైన బీడీఎన్‌ఎఫ్‌ను 1,100 మందికి పైగా ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా నశించే జబ్బు) రోగులపై పరీక్షించారు. 1999లో వెలువడిన ఫలితాల్లో ఆశించిన మేలు కనిపించలేదు. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్న వెయ్యి మందికి పైగా రోగులకు ఎన్‌జీఎఫ్ ఇచ్చి చూసిన పెద్ద పరీక్షా విఫలమైంది. చర్మం కింద ఎక్కించిన పెద్ద ప్రోటీన్ రక్తం నుంచి మెదడులోకి, వెన్నుపాములోకి దాదాపు చేరదు. మోతాదు పెంచుదామంటే, ఎన్‌జీఎఫ్ నొప్పిని తెలిపే నరాలను సున్నితం చేసి, ఇచ్చిన చోటే నొప్పి పుట్టిస్తుంది. కణం తన తంతువు కొన వద్ద, తగిన వేళకు, కొద్దిపాటిగా అందుకోవలసిన సందేశాన్ని ఒళ్లంతా వెదజల్లడమే ఇక్కడి చిక్కు అని నా అభిప్రాయం. సరిగ్గా అవసరమైన చోటే ఇవ్వగలిగిన సందర్భంలో ఫలితం దక్కింది: కంటి ముందుండే పారదర్శక పొర అయిన కార్నియా నరాలు దెబ్బతిని కంటిపై పుండ్లు మానని రోగులకు ఎన్‌జీఎఫ్ చుక్కల మందును 2017లో ఐరోపా, 2018లో అమెరికా అనుమతించాయి. రోజుకు ఆరుసార్ల చొప్పున ఎనిమిది వారాలు వేయాలి.

అపోహ: ‘నరాల బలం’ మాత్రలతో వృద్ధి కారకాలు పెరుగుతాయి, రక్తపరీక్షతో ఆ సంగతి తెలుస్తుంది.

వాస్తవం: మన ఊళ్లలో నరాల బలహీనత అనగానే మందుల షాపులో ఇచ్చే మిథైల్‌కోబాలమిన్ ఒక విటమిన్, బీ12 లోపం ఉన్నవారికి అది నిజంగా అవసరమే, కానీ అది వృద్ధి కారకం కాదు. అసలు వృద్ధి కారకాన్నే మింగినా, పప్పులోని ప్రోటీన్ అరిగినట్టే అరిగిపోతుంది. వ్యాయామం విషయం వేరు: చక్రంలో పరుగెత్తిన ఎలుకల మెదడులో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో బీడీఎన్‌ఎఫ్ తయారీ పెరుగుతుందని 1995లోనే తేలింది. ఇక రక్తంలో కొలిచే బీడీఎన్‌ఎఫ్ చాలావరకు ప్లేట్‌లెట్లలో నిల్వ ఉన్నదే. రక్తం గడ్డకట్టేటప్పుడు అది సీరమ్‌లోకి విడుదలవుతుంది కనుక, ఒకే మనిషి రక్తమైనా, నమూనాను ఎంతసేపు గడ్డకట్టనిచ్చారన్నదాన్ని బట్టి రిపోర్టులోని అంకె మారుతుంది.