తెలుగు పేర్లు, డేటాబేస్ పేజీలు

కర్నూలు అన్న పేరును దాచుకోవడానికి కంప్యూటర్‌కు 21 బైట్లు కావాలి. అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 7 చాలు. నిజానికి రెండింట్లోనూ గుర్తులు ఏడే. తెలుగులో క, ర, పొల్లు, న, కొమ్ముదీర్ఘం, ల, కొమ్ము. కాకపోతే అక్షరాలను బైట్లుగా మార్చడానికి ఇప్పుడు అందరం వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి.

ఈ లెక్క చూసి "డిస్క్ నిండిపోతుంది, పేర్లన్నీ ఇంగ్లీషులోనే పెట్టేద్దాం" అంటారు కొందరు. నాకు ఆ మాట నచ్చదు. మార్కెట్ యార్డుకు ఉల్లి తెచ్చిన పత్తికొండ రైతు తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీద తన పేరు, తన ఊరు తనే చదువుకోగలగాలి. డిస్క్ సమస్యకు డేటాబేస్‌లోనే మందు ఉంది: కంప్రెషన్, అంటే డేటాను కుదించి దాచడం. అది తెలుగుకు బాగా పనిచేస్తుంది కూడా.

క అన్న అక్షరం డిస్క్ మీద 224, 176, 149 అనే మూడు బైట్లుగా ఉంటుంది. ర అయితే 224, 176, 176. పొల్లు 224, 177, 141. తెలుగులో ఏ గుర్తు తీసుకున్నా మొదటి బైటు 224. రెండోది 176 లేదా 177, ఈ రెండూ తప్ప ఇంకేదీ కాదు. అక్షరాన్ని గుర్తుపట్టే పనంతా దాదాపు మూడో బైటుదే. అంటే మనం మోస్తున్న బరువులో ఎక్కువ భాగం ఒకే సంఖ్యలు మళ్లీ మళ్లీ రావడమే. కంప్రెషన్‌కు కావాల్సింది సరిగ్గా అదే. లెంపెల్, జివ్ 1977లో చూపిన పద్ధతి మీద నడిచే జెడ్‌లిబ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్, ముందు వచ్చిన బైట్ల వరుస మళ్లీ కనబడితే దాన్ని పూర్తిగా రాయదు, "ఇంత వెనక్కి వెళ్లు, ఇన్ని బైట్లు తెచ్చుకో" అని మాత్రం రాస్తుంది. తరచుగా వచ్చే బైట్లకు పొట్టి సంకేతాలు కూడా ఇస్తుంది. ఒకే పేజీలో దేవనకొండ అన్న ఊరి పేరు వంద వరుసల్లో ఉంటే అదెంత కుదించుకుపోతుందో ఊహించండి.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో టేబుళ్లను దాచే భాగం ఇన్నోడీబీ. అది డిస్క్‌తో మాట్లాడేది పేజీల లెక్కన. మామూలుగా ఒక పేజీ 16 కిలోబైట్లు. వరుసలు ఆ పేజీలో ఎలా కూర్చోవాలో చెప్పేది రో ఫార్మాట్. ఇవి నాలుగు: రిడండెంట్, కాంపాక్ట్, డైనమిక్, కంప్రెస్డ్. మొదటిది పాతకాలపు సాఫ్ట్‌వేర్ కోసం మిగిలి ఉంది, దాన్ని వదిలేద్దాం.

కాంపాక్ట్‌కూ డైనమిక్‌కూ ఉన్న తేడా తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాలి. పేజీలో పట్టని పొడవైన కాలమ్ ఉంటే, కాంపాక్ట్ దాని మొదటి 768 బైట్లను వరుసలోనే ఉంచి మిగతాది వేరే పేజీలకు పంపుతుంది. డైనమిక్ అలాంటి కాలమ్‌ను మొత్తంగా బయటికి పంపి, వరుసలో 20 బైట్ల చిరునామా మాత్రం ఉంచుతుంది. ఒక వరుస సగం పేజీకి మించకూడదు, అంటే సుమారు 8 వేల బైట్లు. కాంపాక్ట్ టేబుల్‌లో పొడవైన టెక్స్ట్ కాలమ్‌లు 11 ఉండి, అన్నీ 768 బైట్లు దాటితే, వరుస పట్టలేదని ఎర్రర్ వస్తుంది. ఇంగ్లీషులో రాసేవాడు ఒక్కో కాలమ్‌లో 768 అక్షరాల దాకా వెళ్లాలి. తెలుగులో 256 గుర్తులకే ఆ హద్దు వచ్చేస్తుంది. పంట నష్టం గురించి రైతు చెప్పింది నాలుగు వాక్యాలు రాస్తే చాలు! మైఎస్‌క్యూఎల్ 5.7.9 వెర్షన్ నుంచి డైనమిక్కే డిఫాల్ట్. కానీ పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ అయిన సర్వర్లలో పాత టేబుళ్లు తిరిగి కట్టేదాకా కాంపాక్ట్‌గానే ఉండిపోతాయి. షో టేబుల్ స్టేటస్ అని అడిగితే ఏది ఏ ఫార్మాట్‌లో ఉందో తెలుస్తుంది.

ఇక కంప్రెస్డ్. పైన చెప్పిన జెడ్‌లిబ్‌తో పేజీలను కుదించేది ఇదే. దీనికి కీ బ్లాక్ సైజ్ అనే విలువ ఇవ్వవచ్చు. 8 అంటే 16 కిలోబైట్ల పేజీని 8లో పట్టించమని, 4 అంటే ఇంకా నొక్కమని. పట్టకపోతే పేజీని రెండుగా చీల్చి ఒక్కోదాన్నీ మళ్లీ కుదించాలి. దానికి ప్రాసెసర్ సమయం ఖర్చవుతుంది. ప్రతి చిన్న మార్పుకూ పేజీని విప్పి కట్టకుండా, పేజీలోనే కొంత ఖాళీ ఉంచి మార్పులను అక్కడ కుదించకుండా రాసుకుంటుంది. మండీ గుమాస్తా ముందు చిట్టాలో రాసి తీరికగా ఆవర్జాలోకి ఎక్కించినట్టు. ఆ ఖాళీ నిండాకే మొత్తం విప్పి మళ్లీ కుదిస్తుంది. మెమరీ సంగతీ చూసుకోవాలి. చదువుతున్న పేజీ కుదించిన రూపంలోనూ, విప్పిన రూపంలోనూ రెండుసార్లు మెమరీలో ఉండవచ్చు. మెమరీ తక్కువున్న సర్వర్‌లో ఇది పెద్ద టెన్షనే.

అందుకే టేబుళ్లన్నిటికీ ఒకేసారి కంప్రెషన్ పెట్టడం నాకు సమ్మతం కాదు. ఉల్లి సీజన్‌లో పొద్దున్నుంచీ తూకాలు, ధరలు ఎక్కుతూ మారుతూ ఉండే ఈ ఏటి టేబుల్‌ను డైనమిక్‌లోనే వదిలేయాలి. గడిచిన ఏళ్ల లావాదేవీలు వేరు. వాటిని ఎవరూ మార్చరు, లెక్క అడిగినప్పుడు చదవడమే. ఊరి పేర్లు, సరుకు పేర్లు తెలుగులో నిండుగా ఉన్న అలాంటి టేబుల్‌కు కంప్రెస్డ్ సరిగ్గా సరిపోతుంది. పాస్‌బుక్ ఫొటోలు దాచిన టేబుల్ మాత్రం ఎంత పాతదైనా లాభం లేదు. జేపెగ్ బొమ్మ అప్పటికే కుదించి ఉంటుంది, మళ్లీ నొక్కితే ప్రాసెసర్ అలసటే మిగులుతుంది.

ఫార్మాట్ మార్చాలంటే ఆల్టర్ టేబుల్ ఆదేశం ఇస్తాం. అప్పుడు టేబుల్ మొత్తం కొత్తగా కడతారు. కొత్తది పూర్తయ్యేదాకా పాతదీ ఉంటుంది కాబట్టి డిస్క్ పూర్తిగా నిండే దాకా ఆగితే ఈ పని చేయడానికే చోటుండదు. కాబట్టి ముందుగానే, టేబుల్ కాపీ మీద కీ బ్లాక్ సైజ్ 8తో మొదలుపెట్టి చూడాలి. ఇన్నోడీబీ స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లో ఉంచాలి. లేకపోతే చెల్లని విలువ ఇచ్చినా వార్నింగ్ ఒకటి పడేసి తన ఇష్టం వచ్చిన ఫార్మాట్‌తో ముందుకు వెళ్లిపోతుంది. తర్వాత డేటాబేస్ తన గురించి తనే వివరాలు చెప్పే ఇన్ఫర్మేషన్ స్కీమాలోని ఇన్నోడీబీ సీఎంపీ పట్టికలో, కుదించడానికి ఎన్నిసార్లు ప్రయత్నించింది, అందులో ఎన్ని సఫలమయ్యాయి అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ దగ్గరగా ఉంటే అప్పుడు 4 ప్రయత్నించవచ్చు. దూరంగా ఉంటే ఆ టేబుల్‌ను డైనమిక్‌కు తిప్పేయాలి.