"ప్రాక్టీసులో పులి, మ్యాచ్‌లో పిల్లి": పిల్లల మానసిక బలంపై అపోహలు - వాస్తవాలు

బ్యాడ్మింటన్ ఆడే పిల్లలకు మానసిక శిక్షణ ఇవ్వడం నా పని. అండర్-13, అండర్-15 పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి ముందుగా అనే మాట పైన శీర్షికలో ఉన్నదే. అప్పుడు ఆ పిల్ల పక్కనే నిలబడి వింటూ ఉంటుంది. ఆ మాట విన్న కొద్దీ అదే నిజమని నమ్మేస్తుంది.

అపోహ: గుండె ధైర్యం పుట్టుకతో రావాలి.

వాస్తవం: పి.వి. సింధు 2017లో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి ఒకుహరతో 110 నిమిషాలు పోరాడి ఓడింది. మరుసటి ఏడాది నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో స్పెయిన్ క్రీడాకారిణి మారిన్ చేతిలో ఓడింది. ఫైనల్ అంటేనే ఆమెకు భయమని తీర్పు చెప్పినవాళ్లు అప్పట్లో కోకొల్లలు. 2019లో బాసెల్ ఫైనల్లో అదే ఒకుహరను 21-7, 21-7తో ఓడించింది. ఒత్తిడిలో ఆడటం కూడా బ్యాక్‌హ్యాండ్ లాంటిదే, నేర్పితే వస్తుంది.

అపోహ: టెన్షన్ పడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: గుండె దడదడలాడటం, అరచేతులు చెమర్చడం, మ్యాచ్‌కి ముందు పదేపదే బాత్రూముకి వెళ్లడం, ఇవన్నీ శరీరం ఆటకి సిద్ధమవుతోందని చెప్పే గుర్తులు. ఈ సంగతి తెలియని పిల్ల "నాకేదో అవుతోంది" అని హడలిపోతుంది. అసలు చిక్కు అక్కడే. అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో పాట పాడేముందు, ప్రసంగించేముందు, లెక్కలు చేసేముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు, తమను తాము శాంతపరచుకోవాలని చూసినవాళ్లకంటే మెరుగ్గా రాణించారు. అందుకే "టెన్షన్ పడకు" అనే మాట నేను వాడను. పాయింటు అయ్యాక నెట్‌కి వీపు తిప్పి, రాకెట్ తీగలు చూస్తూ, ఊపిరి నిదానంగా వదిలి, వచ్చే పాయింటుకి ఒకే ఒక్క మాట అనుకోమంటాను: "కాళ్లు" అనో, "ఎత్తుగా" అనో. దీన్ని ప్రాక్టీసులో ప్రతి పాయింటుకీ చేస్తేనే టోర్నమెంటులో అక్కరకొస్తుంది.

అపోహ: "నువ్వే గెలుస్తావు" అని పదిసార్లు చెబితే నమ్మకం పెరుగుతుంది.

వాస్తవం: తనమీద తనకు నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే వివరించాడు. స్వయంగా చేసి సాధించిన అనుభవమే అన్నిటికంటే బలమైన ఆధారం, ఇతరుల ప్రోత్సాహం దాని తర్వాతే. కాబట్టి కోచ్‌లకు నేను చెప్పేది ఇది: ప్రాక్టీసు గేమును 0-0 దగ్గర కాకుండా 17-19 దగ్గర మొదలుపెట్టండి, వెనకబడిన పిల్లే సర్వీస్ చేయాలి. వారంలో కొన్నిసార్లు అలా ఆడితే అసలు మ్యాచ్‌లో ఆ స్కోరు కొత్తగా అనిపించదు. ఓడిన గేములో కూడా తను సరిగ్గా చేసిన రెండు పనులు నోట్‌బుక్‌లో రాసుకోమనండి.

అపోహ: తిడితేనే రాటుదేలుతారు.

వాస్తవం: నన్ను బాగా బాధపెట్టేది ఇదే. తిట్లకు భయపడే పిల్ల పాయింటు పోగానే షటిల్ వైపు చూడదు, గ్యాలరీలో నాన్న ముఖం చూస్తుంది. లైన్ దగ్గర కొట్టాల్సిన షాట్‌ను భయంతో మధ్యలోకి కొడుతుంది. ఓడిపోవడం కంటే తప్పు చేయడమంటేనే ఎక్కువ హడలు పట్టుకుంటుంది. ఇక ఓడి ఇంటికెళ్లే దారిలో, బండిమీదైనా కారులోనైనా, మ్యాచ్ విశ్లేషణ దయచేసి వద్దు. "ఆకలేస్తోందా అమ్మా?" అని అడగండి, చాలు. ఆట గురించి తనే ఎత్తితే వినండి, లేదంటే మర్నాడు కోచ్ మాట్లాడతారు. గట్టిగా చెప్పడం తప్పు కాదు. "రెండో గేములో కాళ్లు కదల్లేదు" అంటే దిద్దుకోవచ్చు. "నీకు పట్టుదల లేదు" అంటే ఏం దిద్దుకోవాలి?

అపోహ: లోపం ఉంటేనే మానసిక నిపుణుల దగ్గరికి వెళ్తారు.

వాస్తవం: చెన్నైలో పెరిగిన తెలుగింటి అబ్బాయి గుకేశ్ 2024లో 18 ఏళ్లకే చెస్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ పోరుకు ముందు క్రీడాకారులను మానసికంగా సిద్ధం చేసే మెంటల్ కండిషనింగ్ కోచ్ ప్యాడీ ఆప్టన్‌తో పనిచేశాడు. 2011 ప్రపంచకప్ గెలిచిన భారత క్రికెట్ జట్టుతోనూ ఆప్టన్ ఉన్నాడు.

మామూలు టెన్షన్ మ్యాచ్ మొదలయ్యాక నెమ్మదిగా తగ్గుతుంది. అలా కాకుండా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి తగ్గినా, ప్రాక్టీసు రోజుల్లోనే కడుపునొప్పి వస్తున్నా, ఇష్టమైన స్నేహితులకు కూడా దూరంగా ఉంటున్నా టోర్నమెంట్లు ఆపండి. ముందు పిల్లల డాక్టరుకు చూపించి, ఆపై క్లినికల్ సైకాలజిస్టును కలవండి. నాలాంటి క్రీడా శిక్షకుల వంతు ఆ తర్వాతే.