విమానయాన సైబర్ భద్రత: "అంతా తేలాక చెబుదాం" అనే అపోహ

విశాఖ విమానాశ్రయానికి సేవలందించే సంస్థల సిబ్బందికి సైబర్ భద్రతా నిబంధనలపై శిక్షణ ఇవ్వడం నా వృత్తి. ఎన్ఏడీ కొత్తరోడ్డులో చెప్పినా, గాజువాకలో చెప్పినా తరగతి చివర ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటే: "ఏదో తేడాగా ఉందండీ, కానీ ఏమీ తేలలేదు. ఇప్పుడే చెబితే మా మీదికి రాదా?"

అపోహ: దాడి జరిగిందని రుజువయ్యాకే, సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి, ముందే తెలియజేస్తే శిక్ష పడుతుంది.

వాస్తవం: 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం, ఆ ఆదేశాలకు జతచేసిన జాబితాలోని సైబర్ ఘటన ఏదైనా మన కంటపడిన, లేదా మరొకరు మన దృష్టికి తెచ్చిన 6 గంటల్లోగా తెలియజేయాలి. అప్పటికి చేతిలో ఉన్న సమాచారం చాలు, మిగిలిన వివరాలు తరువాత పంపవచ్చు. ఐటీ చట్టంలోని 70బి సెక్షన్ ఏడాది వరకు జైలుశిక్షకు వీలు కల్పించింది అడిగిన సమాచారం ఇవ్వనివారికీ, ఆదేశాలను పాటించనివారికీ మాత్రమే. దాడికి గురైనవారిని శిక్షించే మాట ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు.

ఈ అపోహ ఎంత నష్టం చేస్తుందో ఒక గ్రౌండ్ హ్యాండ్లింగ్ (నేలమీద విమానాలకు, ప్రయాణికులకు సేవలందించే) సంస్థలో దగ్గరగా చూశాను. రాత్రి షిఫ్టులో ఉన్న ఒక యువకుడు బిల్లు అనుకొని ఒక అటాచ్‌మెంట్ తెరిచాడు. కంప్యూటర్ మొరాయించేసరికి భయపడి, తెలిసినవారి సలహాతో తెల్లవారేలోపు దానిని ఫార్మాట్ చేయించాడు. కొన్నాళ్లకు అతని ఖాతా నుంచి వేరే సిస్టమ్‌లలోకి లాగిన్ ప్రయత్నాలు బయటపడ్డాయి. ఏం జరిగిందో చూద్దామంటే, కంప్యూటర్లో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్‌లు లేవు. ఆదేశాల ప్రకారం అవి 180 రోజులపాటు భద్రంగా ఉండాలి. ఉద్యోగం పోతుందేమోనని వణికిపోతున్న ఆ అబ్బాయిని నేను తప్పుపట్టలేను. అలాంటి వేళ ఎవరికి ఫోన్ చేయాలో గోడమీద ఒక కాగితమైనా అంటించని యాజమాన్యానిదే ఆ తప్పు. అనుమానం వచ్చిన యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీసి, ఆపకుండా, చెరపకుండా అలాగే ఉంచి, పై అధికారికి చెప్పడం వరకే సిబ్బంది పని.

"అది వెండర్ చూసుకుంటాడు" అనే మాట కూడా ఈ భయం నుంచే పుడుతుంది. 2021లో బయటపడిన ఎయిర్ ఇండియా డేటా లీకు సీటా (SITA) అనే విమానయాన ఐటీ సేవాసంస్థ సర్వర్లలో జరిగినా, దాదాపు 45 లక్షల ప్రయాణికులకు జవాబు చెప్పుకోవలసింది ఎయిర్ ఇండియాయే అయింది. 2025 సెప్టెంబరులో కాలిన్స్ ఏరోస్పేస్ వారి చెక్-ఇన్ సాఫ్ట్‌వేర్‌పై దాడి జరిగితే హీత్రూ, బ్రస్సెల్స్, బెర్లిన్ విమానాశ్రయాలు ఒకేసారి ఇబ్బందిపడ్డాయి. ఒకే సాఫ్ట్‌వేర్‌ను అనేకులు పంచుకునే ఈ రంగంలో ఒకరు దాచిన విషయం అందరినీ చుట్టుకుంటుంది.

మన ఊరికే ప్రత్యేకమైన అపోహ ఒకటుంది: రన్‌వే నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాది కాబట్టి భద్రతంతా నౌకాదళమే చూసుకుంటుందని. టెర్మినల్‌లోని కౌంటర్ల సిస్టమ్‌లకు, వాటిని నడిపే ప్రైవేటు సంస్థలకు ఆ రక్షణ వర్తించదు. సెర్ట్-ఇన్ ఆదేశాలు చిన్న కంపెనీలకూ వర్తిస్తాయి.

ఇక వాట్సాప్ పుకార్లు. 2024 జులై 19న విమానాశ్రయాల్లో చేతిరాత బోర్డింగ్ పాసులు ఇచ్చినప్పుడు "హ్యాక్ చేశారు" అని ఎంతోమంది ఫార్వర్డ్ చేశారు. అది సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్‌లోని లోపం. నిర్ధారణ లేని మాటను పది గ్రూపుల్లో పంచేవారే, చెప్పవలసిన చోట నోరు మెదపకపోవడం నాకు మింగుడుపడదు.

యూరప్ నిబంధనలు మనకెందుకు అనేవారికి ఒక్క మాట: యూరప్ విమానయాన భద్రతా సంస్థ యాసా (EASA) గుర్తింపుతో విమానాల మరమ్మతులు చేసే సంస్థ మన దేశంలో ఉన్నా, 2026 ఫిబ్రవరి 22 నుంచి పార్ట్-ఐఎస్ అనే యూరప్ సమాచార భద్రతా నిబంధనలను పాటించాలి.